వరుసలో మొదట నిలబడ్డ పిల్లాడు

చెన్నైలో పెరంబూరు వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పే టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆవిడది నెల్లూరు. పెళ్లయి చెన్నై వచ్చి పదకొండేళ్లయింది. మధ్యగతం పాఠాన్ని ఏటా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పేవారు. ఏడుగురు పిల్లల ఎత్తులు, పదకొండుమంది ఆటగాళ్ల పరుగులు, ఆరోహణ క్రమంలో రాయడం, నడిమి అంకె చుట్టూ గీత గీయడం. పిల్లలకు మార్కులొచ్చేవి, పరీక్షతో పాటే పాఠమూ వెళ్లిపోయేది. ఈ ఏడు నిజమైన అంకెలతో చెబుదామనుకుని, ఇంటి అద్దె ఎంతో కనుక్కుని రమ్మన్నారు. మర్నాడు చూస్తే చాలామందివి సొంతిళ్లు, కొందరు కనుక్కోలేదు. అద్దె తెలిసిన తొమ్మిదిమందిని ముందుకు పిలిచి, తలా ఒక అట్టముక్క ఇచ్చి, అంకె రాయించి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా నిలబెట్టారు. 4,500, 9,000, 12,000, 14,000, 16,000, 18,000, 22,000, 35,000, 85,000.

పాఠం పాఠంగా చక్కగా కుదిరింది. సగటు కడితే సుమారు 23,944 వచ్చింది. తొమ్మిది ఇళ్లలో ఏడిళ్ల అద్దె ఆ సగటు కంటే తక్కువే. నడిమి అట్ట మీద 16,000. ఒకమ్మాయి తనంతట తానే, "టీచర్, ఆ ఒక్క ఇల్లే మా అందరి సగటునూ పైకి లాగేసింది" అంది. పదకొండేళ్లలో ఆ మాట ఒక పిల్ల నోట వినడం అదే మొదటిసారి అని రాశారావిడ. అంతలోనే వెనక బెంచీ నుంచి ఒకడు, "నాలుగున్నర వేలకి ఇల్లొస్తుందా? మా కారు పార్కింగే అంతకంటే ఎక్కువ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మొదట నిలబడ్డ పిల్లాడు అట్టముక్కను వెనక్కి తిప్పి పట్టుకున్నాడు.

ఆ అబ్బాయి ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తండ్రి కోయంబేడు మార్కెట్లో మూటలు మోస్తాడు. రోజూ బెల్లు కొట్టాక టీచరు బల్ల దగ్గరకొచ్చి తెలుగులో రెండు మాటలు చెప్పి పోయేవాడు. ఆ రోజు తర్వాత మూడు రోజులు బడికి రాలేదు. వచ్చాక ఆఖరి బెంచీకి మారాడు, లెక్కల నోటు తెరవడం లేదు. తల్లి ఒక పూట కూలి మానుకుని వచ్చి, "మా ఇంటి బాడుగతో మీకు పనేందమ్మా, అంతమంది ముందర?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. 85,000 అట్ట పట్టుకున్న పిల్ల తండ్రి వేరే కోపంతో ప్రిన్సిపాల్‌కి ఫోను చేశాడు. పిల్లల ఇళ్ల సంగతులేవీ అడగవద్దు, పుస్తకం దాటవద్దు అని ప్రిన్సిపాల్ గట్టిగా చెప్పారు. రెండు వారాల్లో మేనేజ్‌మెంటు వాళ్లు క్లాసు చూడడానికి వస్తున్నారు. పుస్తకంలో ఉన్నది చెబితే జీతం తగ్గుతుందా అని భర్త అంటున్నారు.

ఆవిడ అడిగినవి మూడు. ఆ అబ్బాయికి క్షమాపణ ఎలా చెప్పాలి? ఇక నిజమైన అంకెల జోలికి వెళ్లకూడదా? అసలు తాను ఈ ఉద్యోగానికి తగినదేనా?

అమ్మా,

మూడో ప్రశ్న ముందు తీసేద్దాం. పిల్లాడు అట్టముక్క తిప్పిన క్షణాన్ని చూసిన టీచరు మీరు. క్లాసు గెలిచిన సంబరంలో చాలామందికి అది కనిపించదు. ఉద్యోగం సంగతి ఇక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు అనిపించింది, మీ తప్పు ఎక్కడుందో మీరు సరిగ్గా పట్టుకోలేదని. నిజమైన అంకెలు తేవడమే తప్పని మీరనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. సగటు కట్టేటప్పుడు ఏం చేస్తాం? అంకెలన్నీ ఒక కుప్ప పోస్తాం. కుప్పలో పడ్డాక ఏది ఎవరిదో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మధ్యగతం దగ్గర ఆ సౌకర్యం లేదు. వరుస పెట్టందే మధ్యగతం దొరకదు. వరుస అంటేనే ఒకరు ముందు, ఒకరు చివర. అంటే ఈ పాఠంలోనే ఒక పిల్లాణ్ణి అందరికంటే తక్కువ చోట నిలబెట్టే గుణం ఉంది. ఎత్తులో, చెప్పుల సైజులో అది పెద్దగా బాధించదు. డబ్బులో, మార్కుల్లో, ఇంట్లో ఎంతమందికి ఎన్ని గదులు అనే దగ్గర కోస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మార్కులు వరుస పెట్టి గోడకు అంటించేవాణ్ణి. పిల్లలు పోటీపడి చదువుతారని నమ్మాను. ఆఖరి పేరు పిల్ల ఆ గోడ వైపు నడవడం మానేసి, చుట్టూ తిరిగి క్లాసుకి రావడం నేను గమనించేసరికి ఏడాది దాటింది.

మరో సంగతి చూడండి. మీ తొమ్మిది అంకెల్లో 4,500 బదులు 500 ఉన్నా, 8,500 ఉన్నా మధ్యగతం 16,000 నుంచి కదలదు. 85,000 బదులు ఎనిమిదిన్నర లక్షలు రాసినా కదలదు. మధ్యగతానికి కావలసింది నువ్వు నడిమికి ఇటా అటా అన్న ఒక్క సంగతే. తనకు పక్కన ఎంత దూరంలో ఎవరున్నారో అది పట్టించుకోదు. అంటే ఆ అబ్బాయి ఇంటి అద్దె ఎంతో ఆ లెక్కకు నిజంగా అవసరమే లేదు. తల్లి అడిగిన ప్రశ్నకు లెక్కల్లో కూడా జవాబు అదే. పనేమీ లేదు.

ఇక క్షమాపణ. మీ ముందు మూడు దారులున్నాయి. అందరి ముందూ చెప్పొచ్చు. అందులో ధైర్యముంది, పెద్దవాళ్లు కూడా తప్పు ఒప్పుకుంటారని మిగతా పిల్లలు చూస్తారు. కానీ మీరు అతని పేరు ఎత్తిన మరుక్షణం ముప్ఫై తలలు ఆఖరి బెంచీ వైపు తిరుగుతాయి, అట్టముక్క లేకుండానే అతను మళ్లీ వరుసలో మొదట నిలబడతాడు. రెండోది, ఏమీ అనకుండా రోజులు గడవనివ్వడం. పిల్లలు మర్చిపోతారన్నది పెద్దవాళ్ల నమ్మకం. అతను నోటు తెరవకపోవడం చూస్తే మీ మౌనాన్ని కూడా ఆ నవ్వులో కలిపేసుకున్నట్టున్నాడు. మూడోది, బెల్లు కొట్టాక ఎప్పుడూ మాట్లాడుకునే ఆ బల్ల దగ్గరే, తెలుగులోనే, చిన్నగా చెప్పడం. "ఆ రోజు మీ ఇంటి సంగతి అందరి ముందు అడగకుండా ఉండాల్సింది. తప్పు నాది." అంతే. ఎందుకడిగారో వివరించకండి. అతని నోటితో "పర్లేదు టీచర్" అనిపించుకోవాలని చూడకండి, ఆ బరువు మళ్లీ అతని మీద పడుతుంది. మాట్లాడకుండా వెళ్లిపోతే వెళ్లనివ్వండి. నా మనసు ఈ మూడో దారి వైపే ఉంది, కానీ ఆ అబ్బాయి ముఖం చూసింది మీరు. వారం ఆగితే మేలనిపిస్తే ఆగండి.

తల్లి సంగతి వేరు. ఆవిణ్ణి బడికి పిలిపిస్తే ఇంకో పూట కూలి పోతుంది. చెప్పకుండా వాళ్లింటికి వెళితే, ఆ నాలుగున్నర వేల గదిలో టీచరుని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఆవిడ ఇబ్బంది పడొచ్చు, చుట్టుపక్కల వాళ్లు ఏమైందని అడగొచ్చు. ఫోను చేసి, మీకు ఎప్పుడు ఎక్కడ వీలని అడగండి. ఫోనులోనే చెప్పమంటే ఫోనులోనే చెప్పండి. ఆవిడ అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబివ్వండి: "పని లేదమ్మా, అడగకూడనిది అడిగాను, ఇక అడగను." మధ్యగతం గురించి ఒక్క మాట కూడా వద్దు.

క్లాసుకి చెప్పాల్సింది మాత్రం ఒక నియమం. ఇకపై మన క్లాసులో ఎవరింటి డబ్బు లెక్కలూ రావు, అడిగింది నేను, ఆ తప్పు నాది అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోండి. పార్కింగ్ మాట అన్న పిల్లాణ్ణి విడిగా పిలిచి మాట్లాడండి, శిక్ష వేయకండి. వాడికి పన్నెండేళ్లు, ఇంట్లో విన్నదే అన్నాడు. శిక్ష పడితే అది ఎవరి వల్ల పడిందని క్లాసు లెక్క వేసుకుంటుందో మీకు తెలుసు.

ఇప్పుడు పాఠం. ప్రిన్సిపాల్ చెప్పినట్టు పుస్తకానికే పరిమితమైతే ఈ టర్ము ప్రశాంతంగా గడుస్తుంది. అలసిపోయి ఉంటే అలాగే చేయండి, అందులో ఓటమేమీ లేదు. కాకపోతే సగటు గురించి ఆ అమ్మాయి అన్నటువంటి మాట పరుగుల లెక్కల్లో పుట్టదు. పేర్లు లేకుండా చీటీలు రాయించి డబ్బాలో వేయిద్దామని మీరు రాశారు. ఇంకో క్లాసులోనైతే బాగానే ఉంటుంది. మీ క్లాసులో ఇప్పుడు వద్దు. చీటీ మీద పేరు లేకపోయినా అతి చిన్న అంకె చదవగానే అందరూ ఎవరి వైపు చూస్తారో చెప్పక్కర్లేదు. సొంతిళ్ల వాళ్లు సున్నా రాయాలా, ఖాళీ వదలాలా అన్న చిక్కు కూడా అద్దె ప్రశ్నలో ఉంది. సున్నా రాయిస్తే వరుసలో మొదటి చోట్లన్నీ సొంతిళ్ల పిల్లలకే వస్తాయి. కాపలా పనికి ఉచితంగా ఇచ్చిన గదిలో ఉండే కుటుంబమూ ఆ సున్నాల్లోనే చేరుతుంది. అంకె ఒకటే, బతుకులు వేరు. ప్రశ్న సరిగ్గా తయారు చేసుకోకపోతే వరుసకు అర్థముండదని పెద్ద క్లాసులకు చెప్పడానికి మంచి ఉదాహరణే, కానీ ఈ ఏడు వద్దు.

మరి ఏ అంకెలు? ఎవరి సొంతమూ కానివి.

చెన్నైలో ఉన్నారు, వాన ఉంది. నుంగంబాక్కం, మీనంబాక్కం కేంద్రాల్లో ఎంత కురిసిందో వాతావరణ శాఖ రోజూ చెబుతుంది, పేపర్లలో వస్తుంది. ఈశాన్య రుతుపవనం వచ్చాక నవంబరు ముప్ఫై రోజులూ పిల్లలతో రాయించండి. అందులో పన్నెండు రోజులు వాన పడి, పద్దెనిమిది రోజులు పొడిగా ఉన్నాయనుకోండి. మొత్తం 400 మిల్లీమీటర్లు కురిస్తే రోజుకు సగటు 13 పైన వస్తుంది. మధ్యగతం సున్నా! ఊరంతా మోకాలి లోతు నీళ్లలో నడిచిన నెలకు మధ్యగతం సున్నా ఏమిటని పిల్లలు తప్పకుండా గొడవ చేస్తారు. చేయనివ్వండి. మామూలు రోజు ఎలా ఉందో కావాలంటే మధ్యగతం, చెరువులోకి మొత్తం ఎంత నీరొచ్చిందో కావాలంటే సగటు అని వాళ్లే తేల్చుకుంటారు. మధ్యగతమే ఎప్పుడూ గొప్పదని చెప్పే పాఠాలు చాలా చూశాను. అవి సగం పాఠాలే.

2015 నవంబరు కూడా చెప్పండి. నుంగంబాక్కంలో ఆ ఒక్క నెలలో 1,049 మిల్లీమీటర్లు కురిసింది, 1918 తర్వాత ఏ నవంబరులోనూ అంత వాన లేదు. మీ పిల్లలకు అప్పటికి ఊహ తెలియదు, ఇళ్లలో మాత్రం ఇంకా చెప్పుకుంటారు. పది నవంబర్ల సగటు 350 అనుకుని ఆ 1,049ని పదకొండోదిగా కలిపితే సగటు ఒక్కసారిగా 413 దాటుతుంది. మధ్యగతం వరుసలో అర అడుగు జరుగుతుందంతే. ఏడాదుల వానను పోల్చడానికి ఆ నిలకడ మంచిది. కాలువ ఎంత వెడల్పు తవ్వాలో తేల్చే ఇంజినీరు ఆ నిలకడను నమ్ముకుంటే ఊరు మునుగుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఎవరిళ్లలోకి నీళ్లొచ్చాయని అడగకండి, అది మళ్లీ అద్దె ప్రశ్నే అవుతుంది. బస్సు కోసం ఎన్ని నిమిషాలు ఆగారన్నదీ అంతే. 29సీ కోసం నిలబడే పిల్లలెవరో, కారు దిగే పిల్లలెవరో అందులో బయటపడిపోతుంది.

మేనేజ్‌మెంటు వాళ్లు చూడబోయే క్లాసుకి నాకు తోచినవి రెండున్నాయి. ఒకటి చింతగింజల సీసా. సీసాలో గింజలెన్నో ప్రతి పిల్లా ఊహించి చీటీ మీద రాయాలి. ఇందులో కలిగినింటి పిల్లలు, లేనింటి పిల్లలు అని లేదు, అందరికీ సమానంగా తెలియదు. నేను ఒక క్లాసులో 41 మందితో చేయించినప్పుడు గింజలు 412, నడిమి చీటీ 390. ఒకడు సరదాకి పదివేలు రాశాడు, సగటు 630 దాటిపోయింది. ఈ ఆటకు పాత కథ ఒకటుంది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఒక పశు ప్రదర్శనలో, ఎద్దును కోసి శుభ్రం చేస్తే ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు గణాంకవేత్త ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 చీటీలను వరుస పెట్టాడు. నడిమి చీటీ 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198. సగానికి పైగా జనం మరీ ఎక్కువనో మరీ తక్కువనో తోసిపుచ్చలేని అంచనా నడిమిదొక్కటే కాబట్టి అదే ప్రజల మాట అన్నాడాయన. అదే గాల్టన్ మనుషులనూ మేలైనవాళ్లు, నాసివాళ్లు అని వరుస పెట్టాలని చూశాడు, యూజెనిక్స్ అనే మాట పుట్టించింది ఆయనే. చీటీలను వరుస పెట్టడం, మనుషులను వరుస పెట్టడం ఒకటి కాదని మీకిప్పుడు ఆయన కంటే బాగా తెలుసు.

రెండోది నాకు ఎక్కువ ఇష్టం. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి పడవ చేయమనండి. చేసినవాళ్లు చెయ్యెత్తాలి, మీరు గడియారం చూస్తూ నిమిషాలు బోర్డు మీద వేయాలి, పేర్లు వద్దు. క్లాసులో 35 మంది ఉంటే పద్దెనిమిదో చెయ్యి లేవగానే గడియారం ఆపేయండి. మధ్యగతం వచ్చేసింది. మిగతా పదిహేడుగురు ఎంతసేపు తీసుకుంటారో ఎవరికీ అక్కర్లేదు, చివరివాడు ఎవరో ఎవరికీ తెలియదు. సగటు కావాలంటే ఆఖరి పిల్ల పూర్తి చేసేదాకా అందరూ ఆమె వైపే చూస్తూ కూర్చోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటి పెళ్లి వయసును మధ్యగతంలో చెప్పడానికి ఒక కారణం ఇదే. కొందరికి ఇంకా పెళ్లి కాలేదు, కొందరు అసలు చేసుకోరు, వాళ్లందరి కోసం ఆగితే సగటు ఎప్పటికీ తేలదు. సగంమంది దాటితే మధ్యగతం తేలిపోతుంది. వరుస వల్ల నొచ్చుకున్న క్లాసుకి, వరుస పూర్తిగా పెట్టకుండానే మధ్యగతం వచ్చే ఈ ఆట మంచిదని నా నమ్మకం.

చిన్న చిన్న తప్పులు ఎలాగూ వస్తాయి. 35 మందిలో పద్దెనిమిదోది అనగానే కొందరు మధ్యగతం 18 అని రాస్తారు. అది చోటు, విలువ కాదు. ఇద్దరికి ఒకే అంకె వస్తే ఒకటి కొట్టేస్తారు. ఆ రోజు ఒకరు రాకపోతే 34 మంది అవుతారు, నడిమిన ఇద్దరు నిలుస్తారు, వాళ్లిద్దరి అంకెలూ కలిపి సగం చేస్తే ఎవరికీ రాని అంకె రావచ్చు. ఇవి మీకు కొత్త కాదు.

ప్రిన్సిపాల్ దగ్గరకు ఉత్తచేతులతో వెళ్లకండి. పిల్లల ఇళ్లు, డబ్బు, కులం, ఆరోగ్యం, మార్కులు క్లాసులో దత్తాంశంగా వాడను అని ఒక కాగితం మీద మీరే రాసి తీసుకెళ్లండి. కిందనే వాన, గింజలు, పడవలు అని రాయండి. ఆయన భయం ఫిర్యాదుల గురించి, దానికి జవాబు ఆ కాగితంలో ఉంటుంది. అయినా వద్దంటే ఈ టర్ము పుస్తకంతో నడిపించి, పడవల ఆట ఏదైనా ఖాళీ పీరియడ్‌లో, పాఠమని చెప్పకుండా ఆడించండి. మీవారి మాటలో మీ మీద ప్రేమ ఉంది, దాన్ని వాదనగా తీసుకోకండి.

ఆ అబ్బాయిని ఈ ఆటల్లో ముందుకు పిలవకండి, ఏదో బాధ్యత ఇచ్చి ఊరడించాలని చూడకండి. మిగతావాళ్లతో పాటే అతనికీ ఒక కాగితం ఇవ్వండి. పడవ చేస్తాడో చేయడో అతనిష్టం.

చింతగింజలు సీసాలో పోసేముందు రెండుసార్లు లెక్కపెట్టుకోండి. పిల్లలు కింద కుమ్మరించి మళ్లీ లెక్కపెట్టకుండా ఉండరు.